సిమ్ము పలక

మొన్న జూలైలో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక ఫోన్ల దుకాణంలో గంటన్నర నిలబడ్డాను. మా చెల్లె బిడ్డ ఎంఎస్ చదువుకని టెక్సస్ పోతోంది. సూట్‌కేసులు కొన్నారు, పచ్చళ్లు ప్యాక్ చేయించారు, కుక్కర్ కూడా సర్దారు. ఇక మిగిలింది ట్యాబ్. పాఠాలు చదువుకోవడానికి, నోట్సు రాసుకోవడానికి ట్యాబ్ ఉండాలని పిల్ల పట్టు. కొందాం అన్నాడు మా బావ. పేచీ అక్కడ కాదు. గాజు బల్ల మీద ఒకే తీరు పెట్టెలు రెండున్నాయి. ఒకటి వైఫైతో మాత్రమే నడిచేది, రెండోది సిమ్ముతోనూ నడిచేది. రెండింటి నడుమ తేడా పదిహేను వేలు.

"వైఫైది చాలు మామా. నువ్వన్న చెప్పు నాయినకు" అంటుంది పిల్ల.

"ఒక్కతె పోతున్నది బావా. నడిమి తొవ్వల ఫోన్ బందయితే ఎట్ల? సిమ్ముదే తీస్కుందం" అంటాడు ఆయన.

"ఫారిన్ పోయేటోళ్లంత సిమ్ముదే తీస్కుంటరు సార్" అని ఒక మాట వేసి, దుకాణం పిల్లగాడు కాలిక్యులేటర్ ముందుకు జరిపాడు. ముగ్గురూ నా మొహం చూశారు. జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేండ్లు ఫిజిక్స్ చెప్పిన పాపానికి, మా చుట్టాల్లో మిక్సీ కొన్నా నన్నే పిలుస్తారు.

ఆ పదిహేను వేలు నేను ఊరికే అన్న లెక్క కాదు. 2025 మార్చిలో ఐప్యాడ్ ఏ16 వచ్చినప్పుడు 128 జీబీ వైఫై రకం ధర 34,900 రూపాయలు, సిమ్ రకం 49,900. తెర అదే, బ్యాటరీ అదే, లోపలి మెదడు అదే. టవర్‌తో మాట్లాడే ఒక చిన్న భాగానికి పదిహేను వేలు. ఆ భాగం పోయిన దేశంలో పని చేస్తుందా, చేసినా మనకు అక్కరకొస్తుందా, ఈ రెండు ముచ్చట్లు తేలకుండా డబ్బు తీయొద్దు అని ఆ రోజు చెప్పాను. ఇవాళ మీకూ అదే చెప్తాను, కొంచెం విస్తారంగా.

ముందు పెట్టెను వెనక్కి తిప్పండి. అద్దాలు పెట్టుకుంటే గానీ కనపడనంత సన్న అక్షరాలుంటాయి. అందులో ఐఎంఈఐ అని 15 అంకెల నంబరు ఉంటే లోపల ఫోన్ భాగం ఉన్నట్టు. సీరియల్ నంబరు ఒక్కటే ఉండి ఐఎంఈఐ లేకపోతే అది వైఫై ట్యాబ్, ఎవరేం చెప్పినా సరే. ఈఐడీ అని 32 అంకెల వరుస కూడా కనిపిస్తే అది ఈసిమ్ తీసుకుంటుంది. ఈసిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క లేని సిమ్ము, ఇంటర్నెట్‌లోంచి దిగి ట్యాబ్ లోపలే కూర్చుంటుంది. 2024లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్, ఐప్యాడ్ ప్రోల నుంచి ఆ కంపెనీ సిమ్ము పెట్టే అరనే తీసేసింది, అప్పట్లో చైనాలో అమ్మినవాటికి తప్ప. అంటే వెళ్లిన ఊళ్లో చవకగా దొరికే సిమ్ము ప్లాస్టిక్‌ది మాత్రమే అయితే దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చోవాల్సిందే. పాత ట్యాబ్ కొనేవాళ్లకు ఒక మాట. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే అది ఎలాంటి సరుకో తెలిసిపోతుంది. దొంగ సరుకు పట్టుకుని విమానం ఎక్కడం మంచిది కాదు.

ఇక అసలు కథ. మా నాయన దగ్గర మూడు బ్యాండ్ల రేడియో ఉండేది. మీడియం వేవ్ ఒకటి, షార్ట్ వేవ్ రెండు. పొద్దుగూకినాక ముల్లు 738 మీదికి తెస్తే హైదరాబాద్ కేంద్రం పలికేది. తర్వాత ఎఫ్ఎం వచ్చింది. మా నాయన ఎంత తిప్పినా, రేడియో నెత్తిన రెండు దెబ్బలు వేసినా ఎఫ్ఎం రాలేదు. రేడియో చెడిపోలేదు. దాంట్లో ఆ బ్యాండ్ లేదు, అంతే. సిమ్ము వేసే ట్యాబ్ కూడా రేడియోనే. దానికీ బ్యాండ్లుంటాయి, బ్యాండ్ అన్న మాట కూడా అదే.

మన దగ్గర జియో 4జీ సిగ్నల్ 3, 5, 40 అనే బ్యాండ్ల మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్‌ది ఎక్కువగా 1, 3, 8, 40 మీద. అమెరికాకు పోతే 2, 4, 66 వినిపిస్తాయి. వాటికి తోడు 12, 13 ఉంటాయి, టీ-మొబైల్‌కు 71 కూడా. జర్మనీలో 20 ముఖ్యం. జపాన్‌లో డొకొమో వాళ్లది 19. ఈ అంకెలన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గుర్తుంచుకోవాల్సిందల్లా ఒకటే. ఈ 12, 13, 71, 20 అన్నవి తక్కువ ఫ్రీక్వెన్సీవి, 600 నుంచి 800 మెగాహెర్ట్జ్ దాకా. తక్కువ ఫ్రీక్వెన్సీ అల దూరం పోతుంది, గోడలోంచి కూడా దూరుతుంది. మీడియం వేవ్ జిల్లాలు దాటి వచ్చేది, ఎఫ్ఎం గుట్ట చాటుకు పోగానే గరగరమనేది, చూశారు కదా, అలాంటిదే ఇదీ. ఆ తక్కువ బ్యాండ్ లేని ట్యాబ్ బజార్లో బాగానే ఉంటుంది. ఇంట్లోకి రాగానే మూగబోతుంది.

ఇది పుస్తకం చూసి చెప్తున్నది కాదు. 2018లో మా అబ్బాయి అమెరికా పోతుంటే నేనే పట్టుబట్టి ఇక్కడ సిమ్ము ట్యాబ్ కొనిచ్చాను. ఏ దుకాణమో చెప్పను. తప్పు వాళ్లది కాదు, నేనే అడగలేదు. ఫిజిక్స్ మాస్టారునైన నేను బ్యాండ్ల సంగతి అడగలేదు! మనవాడు అక్కడ ఒక ఇంటి నేలమాళిగలో అద్దెకు దిగాడు. ట్యాబ్‌కు క్యాంపస్‌లో సిగ్నల్ నిండుగా, గదిలో సున్నా. మాతో మాట్లాడాలంటే కోటు వేసుకుని మెట్లెక్కి మంచులోకి వచ్చి నిలబడేవాడు. "ఏమైందిరా, బయట నిలబడ్డవేంది?" అని వాళ్లమ్మ అడిగితే, "గాలికొచ్చిన" అనేవాడు. సంగతి ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆఖరికి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి దాంతోనే ట్యాబ్ నడిపాడు. ఆ పని వైఫై ట్యాబ్ కూడా చేసేది.

అందుకని పేరు చూసి కొనకండి, మోడల్ నంబరు చూడండి. ఒకే పేరుతో అమ్మే ట్యాబ్‌కు దేశానికో మోడల్ ఉంటుంది, ఒక్కో మోడల్‌కు బ్యాండ్లు వేరు. కంపెనీ వాళ్ల సైట్లో ఆ నంబరు కొడితే బ్యాండ్ల వరుస వస్తుంది. పోయే ఊళ్లో ఏ కంపెనీ సిమ్ము వాడుతున్నారో అక్కడున్న మనవాళ్లను అడిగి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పది నిమిషాల పని. ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీల సరుకుకు, మొదట ఈ ప్రాంతపు సిమ్ముతో వాడితేనే మిగతా దేశాల సిమ్ములు తీసుకుంటుందని పెట్టె మీద చీటీ అంటించి ఉంటుంది. అలాంటిదైతే ఇక్కడే మన సిమ్ము వేసి నాలుగు రోజులు నడిపించి తీసుకుపోవాలి. గ్యారంటీ కూడా అడగండి. చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది.

ఇప్పుడు దీనికంటే పెద్ద భ్రమ ఒకటి. సిమ్ముంది కాబట్టి ఇదీ ఫోన్ లాంటిదే అనుకోవడం. ఐప్యాడ్‌లో సిమ్ము వేసినా మామూలు ఫోన్ కాల్ పోదు. ఊళ్లో బ్యాంకు పంపే ఓటీపీ ఎస్ఎంఎస్ దాని తెర మీదికి రాదు. ఆ సిమ్ము డేటాకు మాత్రమే. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో కొన్నింటికి కాల్ సౌకర్యం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. దుకాణంలోనే సిమ్ము వేసి మీ నంబరుకు ఒక మిస్డ్ కాల్ కొట్టి చూసుకోండి, మొహమాటం వద్దు. మన దేశపు నంబరును ట్యాబులో పెట్టి, ఫోన్లోకి అక్కడి సిమ్ము వేసుకుంటే సరిపోతుందనుకుని వెళ్లి ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకరికి కాలేజీ ఫీజు కట్టే ఆఖరి రోజున ఓటీపీ ఎక్కడికో పోయింది. ఊళ్లో వాళ్ల నాయన పొద్దున ఐదింటికి బ్యాంకు మేనేజరు ఇంటి ముందు కూర్చున్నాడు.

మన నంబరు మన ఫోన్లోనే ఉండాలి, రెండో సిమ్ముగా. పోయే ముందే రోమింగ్ తెరిపించుకోవాలి. రీచార్జ్ సంగతి ఇంట్లో ఒకరికి అప్పగించాలి. 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరు చేజారే ప్రమాదం ఉంది. ఆధార్, బ్యాంకు, గ్యాస్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి కదా. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్నవాళ్లకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో ఇచ్చారు. మొదటి పది దేశాల్లో అమెరికా, బ్రిటన్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి, కువైట్ లేదు.

కువైట్ మాట వచ్చింది కాబట్టి గల్ఫ్ వైపు కూడా చూద్దాం. పరదేశం అనగానే అమెరికా చదువులే అనుకోవడం నల్లగొండ టౌన్లో కూర్చున్న నాలాంటివాళ్ల అలవాటు. పాలమూరు సంగతి వేరు. పాలమూరు లేబర్ అన్న మాట వినపడని డ్యాము గట్టు ఈ దేశంలో లేదంటారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మూటలు కట్టుకుని బొంబాయి బస్సెక్కిన ఊళ్లు మక్తల్, నారాయణపేట, కొడంగల్ వైపు ఎన్నో. గల్ఫ్ అంటే కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి గానీ పాలమూరు నుంచి పోయినవాళ్లూ తక్కువేం లేరు. ఇప్పుడు టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ మన నర్సింగ్ పిల్లలకు భాష నేర్పించి జర్మనీ, జపాన్ పంపిస్తోంది. గొర్లు కాసుకునే ఇంటి పిల్ల జర్మన్ వ్యాకరణం బట్టీ పట్టడం ఆ మధ్య నేను కళ్లారా చూశాను.

దుబాయ్ పోయేవాళ్లకు చెప్పాల్సింది సిమ్ముకంటే ముందు ఇంకొకటుంది. యూఏఈలో వాట్సాప్ మెసేజి పోతుంది, ఫొటో పోతుంది, కానీ వాట్సాప్ కాల్ కలవదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లతో మాట్లాడుకోవాలి. ఎంత ఖరీదైన ట్యాబ్ అయినా ఈ విషయంలో చేసేదేం లేదు. ఎవరో చెప్పారని దొంగతోవ యాప్‌లు వేసుకోకండి. అక్కడి సైబర్ చట్టం జరిమానాలు లక్షల దిర్హముల్లో ఉంటాయి. పోయేవాడు బయల్దేరేలోపే, ఇంట్లో ఉండే అమ్మ ఫోన్లోనూ భార్య ఫోన్లోనూ ఆ యాప్ వేసి, పక్క గదిలోకి పోయి ఒక్కసారి కాల్ చేసి చూపించాలి. లేకుంటే మొదటి నెలంతా "మా వాడు ఫోన్ ఎత్తుతలేడు" అన్న ఏడుపే ఉంటుంది.

మరి సిమ్ము ట్యాబ్ ఎవరికి పనికొస్తుంది? దారి పొడుగునా తిరుగుతూ పని చేసేవాళ్లకు. ఇంటింటికీ పోయి రోగుల్ని చూసే నర్సులు, సైట్ల మీద తిరిగే ఇంజనీర్లు, ఇలాంటివాళ్లకు. మ్యాపు చూసే పనుంటే ఐప్యాడ్ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. దాని వైఫై రకంలో జీపీఎస్ ఉండదు, సిమ్ము రకంలోనే ఉంటుంది. వైఫై లేని కూలీల క్యాంపులో పది మందితో కలిసి ఉండేవాడికి కూడా పనికిరావచ్చు, కానీ నా లెక్కన వాడు మంచి ఫోన్ కొనుక్కుని హాట్‌స్పాట్ పెట్టుకోవడమే మేలు. చదువుకునే పిల్లలకు మాత్రం అవసరం లేదు. క్యాంపస్ నిండా వైఫై, అద్దె ఇంట్లో వైఫై. ఎడ్యురోమ్ అని చాలా విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే వైఫై ఒకటుంది, ఒక కాలేజీ పాస్‌వర్డ్‌తో ఇంకో కాలేజీలో కూడా అది కలుస్తుంది. సిమ్ము వేస్తే నెలనెలా ఇంకో బిల్లు, అదీ డాలర్లలో.

దుకాణంలో ఇక్కడిదాకా చెప్పేసరికి మా మేనకోడలు మొహం వెలిగింది, మా బావ మొహం వాడింది. అప్పుడే నాకు ఒకటి తట్టింది. పోయేవాళ్లకు అడుగడుగునా వైఫై ఉంటుంది. లేనిది ఎవరికి? ఉండేవాళ్లకు.

మా చెల్లెవాళ్ల ఊరు దేవరకొండ దాటి చందంపేట గుట్టల వైపు. అక్కడ ఇంటికి వైఫై తీగ రాలేదు. ప్రభుత్వం టీ-ఫైబర్ అని 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలుపెట్టింది, అందులో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. మిగతా ఊళ్లకు వచ్చేదాకా మనకున్నది టవర్ ఒక్కటే. చెల్లె దగ్గరున్నది పగిలిన తెర ఫోన్. దాంట్లో బిడ్డ మొహం బొట్టుబిళ్లంత కనిపిస్తుంది. పైగా చత్వారం. టవర్‌తో మాట్లాడే ట్యాబ్ కావాల్సింది ఎవరికి చెప్పండి, టెక్సస్‌లో ఉండే పిల్లకా, చందంపేటలో ఉండే తల్లికా?

"బావా, ఆ పదిహేను వేలు ఇటు తియ్యి" అన్నాను. పిల్లకు వైఫైది తీసుకున్నాం. ఆ తేడా డబ్బులతో, సిమ్ము పెట్టే అర ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇంటికి కొన్నాం. మ్యాపుల్లేవు, చదువుల్లేవు, మొహం చూసి మాట్లాడ్డమే దాని పని. దానికి పెద్ద మెదడు అక్కర్లేదు. తెర పెద్దగా ఉండాలి, స్పీకరు గట్టిగా మోగాలి.

సిమ్ము కొనే ముందు మాత్రం ఊరికి పోయి పరీక్ష పెట్టాం. పక్కింటివాళ్ల జియో ఫోన్ ఒకటి, ఇంకొకరి ఎయిర్‌టెల్ ఫోన్ ఒకటి అడిగి తెచ్చి, రాత్రి ఎనిమిదింటికి నడిమింట్ల నిలబడి నాకు వీడియో కాల్ చేయమన్నాను. మధ్యాహ్నం చూస్తే లాభం లేదు, ఊరంతా సెల్లులో సినిమాలు పెట్టే టైములోనే చూడాలి. ఒకటి ఆగి ఆగి వచ్చింది, ఒకటి నిలిచింది. ఏది నిలిచిందో చెప్పను, మీ ఊళ్లో తారుమారుగా ఉండొచ్చు. మీ ఇంట్లో మీరే చూసుకోవాలి.

వాట్సాప్ విషయంలో ఒక్క జాగ్రత్త. ఫోన్లో ఉన్న వాట్సాప్‌నే ట్యాబుకు జత చేస్తే, ఆ ఫోన్ 14 రోజులు వాడకుండా పక్కన పడేస్తే ట్యాబులోంచి వాట్సాప్ బయటికి పోతుంది. పెద్దవాళ్లకు ఇది అంతుపట్టదు, చెడిపోయిందనుకుని బీరువాలో పెడతారు. అందుకే మా చెల్లె ట్యాబుకు దాని సిమ్ము నంబరుతోనే వేరే వాట్సాప్ తెరిచాం. భాష తెలుగులో పెట్టాం, అక్షరాలు పెద్దవి చేశాం, తెర తాళం తీసేశాం. తెర మీద బిడ్డ ఫొటో ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని నొక్కితే కాల్ పోతుంది. అరగంటలో నేర్చుకుంది.

పోయేవాళ్ల సామాను గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా కాలిపోదు. కానీ పిన్నులు వేరు. అమెరికాలో బల్లపరుపు పిన్నులు, దుబాయ్‌లోనూ లండన్‌లోనూ మూడు మందపాటివి. మన రెండు గుండ్రటి పిన్నుల చార్జర్ జర్మనీలో మాత్రం దూరిపోతుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేస్తే శంషాబాద్‌లో సూట్‌కేసు విప్పిస్తారు. ఈసిమ్ దింపుకోవడానికి కూడా ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఆ పని విమానం దిగాక చూద్దామనుకోకుండా ఇంట్లోనే కానియ్యండి.

ఆగస్టులో పిల్ల వెళ్లింది. నవంబరు దాకా మనకు రాత్రి ఎనిమిదైతే వాళ్లకు పొద్దున తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి ఎనిమిదిన్నర అవుతుంది. చెల్లె ఈ లెక్క గోడ మీద బొగ్గుతో రాసుకుంది. జొన్నల డబ్బాకు ట్యాబ్ ఆనించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. పోయిన వారం నేను వెళ్లేసరికి ముందర సీతాఫలాలు గంపెడు పోసుకుని, ఒక్కొక్కటీ తెర దగ్గర పెట్టి తిప్పి చూపిస్తోంది. "ఇది రేపటికి మాగుతది. ఇది ఇంక రెండొద్దులైతది" అని చెప్తోంది. అక్కణ్నుంచి పిల్ల, "అమ్మా, కాయ కొంచెం ఎనుకకు జరుపు, నీ మొహం కనవడ్తలేదు" అంటోంది.